ప్రాగ్ నగరపు కోటలు, తోటలు: ఈ స్థలము మునుపు ఎవరిది?



మన సంఘాలలో పిల్లలను జర్మనీకో ఇంగ్లండుకో చదువులకు, ఉద్యోగాలకు పంపిన కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. "ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి" అని ఆ పిల్లలు తల్లిదండ్రులను పిలుస్తుంటారు. అటువంటి ప్రయాణము మీకు కలిగితే, బెర్లిన్‌లో రైలెక్కి నాలుగు గంటలకు పైగా దక్షిణముగా వెళ్ళి ప్రాగ్ నగరము చూసి రండి అని మేము చెబుతాము. ప్రయాణము కలగని వారికి ఈ నాలుగు పేజీలే ప్రయాణము. ఇంట్లో అందరూ కూర్చుని చదువుకోండి.

ప్రాగ్ చెక్ దేశానికి రాజధాని. 1993 జనవరి 1న చెకొస్లొవాకియా రెండు దేశాలుగా విడిపోయినప్పటి నుండి చెక్ దేశము వేరుగా ఉన్నది. వల్తావా అనే నది ఊరి మధ్యగా పారుతుంది. నదికి పడమటి గట్టున కొండమీద రాజుల కోట, దాని కింద ప్రభువుల భవనాలు, తోటలు. తూర్పు గట్టున వర్తకుల పాత పట్టణము. ఈ రెండు గట్లను ఒక రాతి వంతెన కలుపుతుంది. ఈ పాత నగరాన్నంతటినీ 1992లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చారు.

అక్కడికి వచ్చే యాత్రికులు గోపురాల ఎత్తు, తోటల అందము చూసి ఫోటోలు తీసుకుని వెళ్తారు. మేము కూడా అవన్నీ చూశాము. అయితే ప్రతి గుమ్మము దగ్గర ఒక ప్రశ్న అడుగుతూ వెళితే ఈ నగరము మరో విధముగా కనబడుతుంది. ఆ ప్రశ్న ఇది: ఈ స్థలము మునుపు ఎవరిది? భూమి మీద బ్రతికే మన కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. పట్టా ఎవరి పేర ఉన్నది, గట్టు ఎవరు జరిపారు అని మనము రోజూ అడిగేదే.

మొదట కోటకు వెళదాము. 22వ నంబరు ట్రాము ఎక్కితే కొండ ఎక్కే శ్రమ తప్పుతుంది. క్రీ.శ. 880 ప్రాంతములో బోరివోయ్ అనే రాజు ఇక్కడ నివాసము ఏర్పరచుకున్నాడు. తరువాత వచ్చిన ప్రతి రాజూ కొంత కలుపుతూ పోగా నేడు ఆ కోట 17 ఎకరాలకు పెరిగింది. ప్రపంచములోని ప్రాచీన కోటలన్నిటిలో ఇదే పెద్దదని గిన్నిస్ పుస్తకములో వ్రాశారు. ఇప్పుడు దేశాధ్యక్షుని కార్యాలయము ఇక్కడే ఉన్నది. ఆవరణలో తిరగడానికి రుసుము లేదు. లోపలి భవనాలకు మాత్రము టిక్కెట్టు కొనాలి.

కోట మధ్యలో సెయింట్ వీటస్ కథీడ్రల్ ఉన్నది. 1344లో పునాది వేస్తే 1929లో పూర్తయ్యింది. అంటే 585 సంవత్సరాలు. మొదటి రాయి పెట్టిన మేస్త్రీకి, చివరి రాయి పెట్టిన మేస్త్రీకి మధ్య ఇరవైకి తగ్గని తరాలు గడిచిపోయాయి. లోపల ఒకచోట చెక్కమీద చెక్కిన పెద్ద చిత్రము ఒకటున్నది. ప్రొటెస్టెంటు పాఠకులు దాని ముందు తప్పక నిలబడాలి. 1619 డిసెంబరులో ప్రొటెస్టెంటు రాజు ఫ్రెడరిక్ ఆస్థాన బోధకుని మాటమీద ఈ ఆలయములోని విగ్రహాలను, బలిపీఠాలను, చిత్రాలను పీకి పారవేశారు. ఆ దృశ్యమే అక్కడ చెక్కి ఉన్నది. తరతరాలుగా అక్కడ మోకరించిన ప్రజల మనసు ఎంత నొచ్చుకున్నదో ఆ బోధకుడు ఆలోచించలేదు. ఈ నగరములో మన వారు బాధలు పడ్డారు, నిజమే. వారి చేతిలో అధికారమున్న ఆ కొద్ది కాలములో ఇతరులను బాధపెట్టారన్నది కూడా నిజమే. రెండూ పిల్లలకు చెప్పవలసినవే.

కథీడ్రల్ పక్కనే పాత రాజభవనము. అందులో వ్లాదిస్లావ్ హాలు అనే పెద్ద శాల ఉన్నది. పొడవు 62 మీటర్లు, వెడల్పు 16 మీటర్లు. మధ్యలో ఒక్క స్తంభము కూడా లేదు. 1502లో పూర్తయిన ఈ శాలలోనికి యోధులు గుర్రాల మీదనే వచ్చి పోటీలు ఆడేవారు. గుర్రాలు ఎక్కడానికి వీలుగా కట్టిన తక్కువ ఎత్తు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ శాలను ఆనుకుని ఒక చిన్న కచేరీ గది. యూరోపు చరిత్రను తలకిందులు చేసిన కిటికీ ఇక్కడ ఉన్నది. జరిగినది ఇది. 1609లో రుడాల్ఫ్ చక్రవర్తి ప్రొటెస్టెంటులకు ఆరాధన స్వేచ్ఛ ఇస్తూ ఒక పత్రము వ్రాసి ఇచ్చాడు. రాజభూములలో మందిరాలు కట్టుకోవచ్చునని అందులో ఉన్నది. దానిని నమ్మి బ్రౌమోవ్, హ్రోబ్ అనే రెండు ఊళ్ళలో ప్రజలు మందిరాలు కట్టుకున్నారు. బ్రౌమోవ్ ఒక మఠాధిపతి ఆధీనములోని ఊరు, హ్రోబ్ ఆర్చిబిషప్పుది. మఠాల, ఆర్చిబిషప్పుల భూములు కూడా రాజభూములే అని ప్రొటెస్టెంటులు అన్నారు. కావు, అవి సంఘపు సొంత భూములని అవతలి వారు అన్నారు. బ్రౌమోవ్ మందిరాన్ని మూసివేయమని ఆజ్ఞ ఇచ్చారు. హ్రోబ్‌లో మందిరాన్ని పడగొట్టారు. చూశారా, అంత పెద్ద గొడవకు మొదలు, "ఈ స్థలము ఎవరిది?" అన్న ప్రశ్నే.

1618 మే 23న కోపముతో వచ్చిన ప్రొటెస్టెంటు ప్రభువులు ఆ గదిలో ఉన్న ఇద్దరు రాజప్రతినిధులను, వారి గుమస్తాను కిటికీలోనుండి కిందికి తోసివేశారు. దాదాపు 70 అడుగుల ఎత్తు. ముగ్గురూ బ్రతికారు. దేవమాత కాపాడిందని కాథలిక్కులు చెప్పుకున్నారు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంటులు చెప్పుకున్నారు. పాపము ఆ గుమస్తాకు చక్రవర్తి తరువాత ప్రభువు హోదా ఇచ్చి, "ఎత్తునుండి పడినవాడు" అని అర్థము వచ్చే బిరుదు కూడా తగిలించాడు! నవ్వు వచ్చే మాటే. కాని ఆ కిటికీతో మొదలైన యుద్ధము ముప్పై సంవత్సరాలు జరిగింది. ఆ కాలములో మధ్య యూరోపులో ఎన్నో పల్లెలు పాడుపడ్డాయి. పొలాలు దున్నేవారు లేక బీడుపడ్డాయి.

కోట తూర్పు ద్వారము దగ్గర లోబ్కోవిట్స్ భవనము ఉన్నది. కిటికీలోనుండి పడినవారు ప్రాణభయముతో పరుగెత్తి వస్తే ఈ ఇంటి దొరసాని పోలిక్సేనా వారిని దాచి కాపాడింది. ఈ భవనము కథ ఇక్కడితో ఆగలేదు. 1939లో నాజీలు దీనిని లాక్కున్నారు. 1945లో తిరిగి ఇచ్చారు. మూడేళ్ళకే, 1948లో, కమ్యూనిస్టు ప్రభుత్వము మరల లాక్కున్నది. చివరకు 2002లో ఆ కుటుంబానికే తిరిగి వచ్చింది. 2007 నుండి వారు దీనిని మ్యూజియముగా అందరికీ చూపిస్తున్నారు. ప్రభువులు సామాన్యులకు చేసినదే ఒక దినాన ప్రభువులకూ జరుగుతుందని ఈ ఇల్లు చెబుతున్నది.

ఇక్కడ రెండు వస్తువులు మాకు బాగా నచ్చాయి. ఒకటి, బ్రూగెల్ అనే చిత్రకారుడు 1565లో వేసిన గడ్డికోత చిత్రము. భుజాన దంతెలు వేసుకుని స్త్రీలు నడుస్తుంటారు, తలల మీద బుట్టలు మోస్తూ కూలీలు దిగివస్తుంటారు, వెనుక గడ్డివాము పెరుగుతుంటుంది. మన పల్లెవారు చూస్తే వెంటనే గుర్తుపడతారు. రెండవది, హాండెల్ రచించిన "మెస్సయా"ను 1789లో మోజార్టు తన కాలపు వాద్యాలకు తగినట్టు మార్చి స్వహస్తముతో వ్రాసిన కాగితాలు. మన క్వయర్లు క్రిస్మసుకు పాడే హల్లెలూయ కోరస్ ఆ "మెస్సయా"లోనిదే.

కోట దిగి కిందికి వస్తే వాలెన్‌స్టయిన్ భవనము, దాని తోట. ప్రాగ్‌లో ఒక్క తోటే చూడగలమంటే దీనినే చూడండి. ప్రవేశము ఉచితము. కాని చలికాలములో మూసివేస్తారు గనుక ఏప్రిల్ తరువాత, అక్టోబరు లోపల వెళ్ళాలి. కత్తిరించిన పచ్చని కంచెలు, చేపల కొలను, తిరుగాడే నెమళ్ళు, కంచు విగ్రహాల వరుసలు, గుహలోపలి సున్నపురాళ్ళలాగా కట్టిన వింత గోడ, మూడు పెద్ద కమానుల మంటపము అక్కడ ఉన్నాయి. పిల్లలకు సెలవు రోజే.

ఇప్పుడు మన ప్రశ్న అడుగుదాము. 1620 నవంబరు 8న ప్రాగ్ పక్కనున్న తెల్లకొండ మీద ప్రొటెస్టెంటుల సైన్యము ఓడిపోయింది. యుద్ధము రెండు గంటలు కూడా సరిగ్గా జరగలేదు. ఆ తరువాత ఓడిన వారి భూములను చక్రవర్తి జప్తు చేశాడు. వాలెన్‌స్టయిన్ అనే సేనాని పుట్టుకతో ప్రొటెస్టెంటు. తరువాత మతము మార్చుకుని చక్రవర్తి పక్షాన చేరాడు. జప్తు చేసిన భూములను చవకగా కొన్నాడు. ఆ కొనుగోళ్ళ కాలములోనే వెండి తగ్గించి నాణేలు ముద్రించే గుత్తేదారులలో అతడూ ఒకడు. అంటే వెలలేని డబ్బు ఇచ్చి విలువైన పొలాలు తీసుకోవడమే. ఆ ధనముతో 1623లో ఈ భవనము మొదలుపెట్టాడు. దీని కోసము ఆ చోట ఉన్న ఇరవైకి పైగా ఇళ్ళను, వాటి తోటలను తీసుకుని పడగొట్టించాడు. ఆ ఇళ్ళలోని వారు తరువాత ఎక్కడ పొయ్యి వెలిగించుకున్నారో ఆ తోటలో ఏ పలకమీదా వ్రాసి లేదు.

ఈ చోట నిలబడినప్పుడు మాకు నాబోతు ద్రాక్షతోట జ్ఞాపకము వచ్చింది. అహాబుకు భూములు కరువా? తన నగరు పక్కనే ఉన్నదని, కూరతోటకు బాగుంటుందని ఒకని పిత్రార్జితము మీద కన్ను వేశాడు. వాలెన్‌స్టయిన్ కూడా ఆ భవనములో హాయిగా కాపురమున్నది చాలా కొద్దికాలమే. 1634 ఫిబ్రవరిలో చక్రవర్తి పక్షపు సైనికాధికారులే అతనిని పొడిచి చంపారు. 1648లో స్వీడన్ సైన్యము వచ్చి తోటలోని కంచు విగ్రహాలను ఎత్తుకుపోయింది. అసలు విగ్రహాలు నేటికీ స్వీడన్‌లోనే ఉన్నాయి. ఇక్కడ మనము చూసేవి నకళ్ళు. 1996 నుండి ఈ భవనములో చెక్ పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్ సమావేశమవుతున్నది. ఒకని కోసము ఊరివారిని లేపిన స్థలములో ఇప్పుడు ఊరివారందరూ పిల్లలను తెచ్చి ఆడించుకుంటున్నారు.

అక్కడికి కొద్ది దూరములో వర్త్‌బా తోట ఉన్నది. వీధిలోనుండి చూస్తే అక్కడ తోట ఉన్నట్టే తెలియదు. లోపలికి వెళితే కొండవాలున మూడు అంచెలుగా లేచిన తోట, మెట్లు, రాతి విగ్రహాలు, పై అంచెనుండి నగరమంతా ఎర్రని పెంకుల కప్పులుగా కనబడే దృశ్యము. 1720 ప్రాంతములో కాంకా అనే వాస్తుశిల్పి దీనిని రూపొందించాడు. దీనికి టిక్కెట్టు ఉన్నది. ఇది కూడా చలికాలములో మూసి ఉంటుంది.

ఈ తోటగల భవనము రెండు ఇళ్ళను కలిపి కట్టినది. వాటిలో ఒకటి క్రిష్టోఫ్ హరాంట్ అనే ప్రభువుది. ఈయన సంగీతము కూర్చేవాడు. 1598లో యెరూషలేము, ఐగుప్తు దేశాలు చూసి వచ్చి 1608లో తన యాత్రను పుస్తకముగా అచ్చువేయించాడు. మాలాగా యాత్రలు వ్రాసేవారికి ఆయన పెద్దన్న వంటివాడు. తెల్లకొండ ఓటమి తరువాత ఆయనను పట్టుకుని మరణశిక్ష వేశారు. ఇల్లు జప్తు అయి వర్త్‌బా వంశము చేతికి వచ్చింది. తోటలో పూలు చూసే వారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇక నది దాటుదాము. నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1357లో పునాది వేసిన రాతి వంతెన ఇది. పొడవు 516 మీటర్లు, 16 కమానులు, రెండు పక్కలా 30 విగ్రహాలు. బండ్లు తిరగవు, నడిచేవారికే. తెల్లవారుజామున వెళితే రద్దీ లేకుండా చూడవచ్చును. కోట కిటికీ దగ్గర మొదలైన ముప్పై ఏళ్ళ యుద్ధములోని చివరి పోరాటాలలో ఒకటి 1648లో ఈ వంతెన దగ్గరే జరిగింది. వంతెన తూర్పు చివర ఎత్తయిన గోపురద్వారము ఉన్నది. 1621లో మరణశిక్ష పొందిన వారిలో పన్నెండుమంది తలలను ఈ గోపురానికి వ్రేలాడదీశారు. పది సంవత్సరాలు అవి అక్కడే ఉన్నాయి. వారి భార్యాబిడ్డలు సంతకు వెళ్ళాలన్నా ఆ దారినే పోవాలి.

ఆ శిక్ష అమలు జరిగిన చోటు పాత పట్టణపు చౌకు. నేడు అక్కడ జనము గుమికూడేది గడియారము చూడడానికి. 1410లో చేసిన ఆ గడియారము గంట గంటకూ మోగినప్పుడు పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు వరుసగా కనబడతాయి. పాత బొమ్మలు 1945 మే నెలలో యుద్ధపు మంటలలో కాలిపోతే 1948లో కొత్తవి చెక్కి పెట్టారు.

అందరూ తలలెత్తి చూస్తుంటారు. మీరు ఒక్కసారి తలదించి, ఆ టౌను హాలు గోడ పక్కన నేలను చూడండి. రాతిపలకలలో పొదిగిన తెల్లని సిలువ గుర్తులు 27 ఉన్నాయి. 1621 జూన్ 21న ఇక్కడ చంపబడిన 27 మందికి అవి గుర్తు. ముగ్గురు ప్రభువులు, ఏడుగురు నైట్లు, పదిహేడుగురు పట్టణస్థులు. హరాంట్ వారిలో ఉన్నాడు. 1600లో ప్రాగ్‌లో అందరి ఎదుట మానవ శరీరాన్ని కోసి వైద్యవిద్య చూపిన డాక్టరు యెసేనియస్ ఉన్నాడు. ఒక కాథలిక్కు నైటు కూడా వారితో కలిసి ప్రాణము ఇచ్చాడు. పేర్లన్నీ గోడమీద పలకలో చెక్కి ఉన్నాయి.

చంపబడినవారు 27 మందే. దేశము విడిచినవారు వేలు. విశ్వాసము మార్చుకుంటారా, ఊరు విడుస్తారా అని అడిగినప్పుడు ఎన్నో కుటుంబాలు పుస్తకాలు, పసిపిల్లలు మాత్రమే చేతబట్టుకుని సరిహద్దులు దాటాయి. అలా 1628లో వెళ్ళినవాడే కొమేనియస్ అనే కాపరి. పరదేశిగానే 1670లో కన్నుమూశాడు. బొమ్మలు చూపి పిల్లలకు పాఠము చెప్పే పుస్తకము 1658లో ఆయన అచ్చువేయించాడు. మన పిల్లల వాచకములో ఆవు బొమ్మ పక్కన "ఆవు" అని వ్రాసి ఉంటుంది చూడండి, ఆ పద్ధతికి దారి తీసినవారిలో ఈయన ముఖ్యుడు. ఆయన పేర ఒక మ్యూజియము వాలెన్‌స్టయిన్ భవనానికి దగ్గరలోనే ఉన్నది.

చౌకునుండి ఉత్తరానికి నాలుగు అడుగులు వేస్తే యూదుల పేట. అక్కడి పాత సమాధుల తోటలో 15వ శతాబ్దము నుండి 1787 వరకు పాతిపెట్టారు. యూదులకు వేరే స్థలము ఇవ్వలేదు. అందుచేత మట్టి పోసి ఒకరిమీద ఒకరిని, కొన్నిచోట్ల పన్నెండు వరుసల దాకా పాతిపెట్టవలసి వచ్చింది. రాళ్ళు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. శ్మశానానికి స్థలము కోసము కచేరీల చుట్టూ తిరిగిన సంఘాలు మనలో ఉన్నాయి. వారికి ఈ తోటను వివరించనవసరము లేదు. పక్కనున్న పింకస్ సమాజమందిరపు గోడలనిండా నాజీలు చంపిన యూదుల పేర్లు చేతితో వ్రాశారు. 77,000కు పైగా పేర్లు. పెద్ద అక్షరాలు కావు, అయినా గోడలు చాలలేదేమో అనిపిస్తుంది.

చివరగా మరొక్క చోటు. వంతెనకు, చౌకుకు మధ్య సందులలో బెత్లెహేము మందిరము ఉన్నది. బయటినుండి చూస్తే మామూలు గోడలు, రెండు వాలు కప్పులు. శిల్పాలు లేవు, బంగారము లేదు. 1391లో దీనిని స్థాపించారు. ప్రజలు తమ భాషలో వాక్యము వినాలన్నదే ఉద్దేశము. క్రీజ్ అనే ఒక వర్తకుడు తన స్థలము దీనికి దానముగా ఇచ్చాడు. లోపల మూడు వేలమంది పట్టేవారు. ఊరివారు నీళ్ళు తోడుకునే బావి కూడా మందిరము లోపలే ఉన్నది. 1402 నుండి జాన్ హస్ ఇక్కడ చెక్ భాషలో బోధించాడు. 1415 జూలై 6న ఆయనను కాన్‌స్టన్స్ పట్టణములో సజీవముగా కాల్చారు. ఆ దినము నేడు చెక్ దేశములో సెలవు దినము. 1786లో మందిరాన్ని పడగొట్టారు, ఆ చోట ఇళ్ళు లేచాయి. 1950 నుండి 1954 వరకు, మిగిలిన పాత గోడలను వెతికి వాటిని కలుపుకుంటూ తిరిగి కట్టారు. నేడు ఒక సాంకేతిక విశ్వవిద్యాలయము వారి ఆధీనములో ఉన్నది. అక్కడి విద్యార్థులు ఇందులోనే పట్టాలు పుచ్చుకుంటారు.

మేము ఈ నగరములో చూసిన గొప్ప భవనాలలో ఎన్నో లాక్కున్న స్థలాలలో లేచినవి. ఈ సాదా మందిరము ఇచ్చిన స్థలములో లేచినది. ఒకరు సంతోషముగా ఇస్తే వచ్చిన భూమి గనుకనే "మునుపు ఎవరిది?" అని అడగడానికి ఇక్కడ ఎవరూ జంకనవసరము లేదు.

వెళ్ళేవారికి రెండు మాటలు. అక్కడ యూరో కాదు, కొరునా అనే నాణెము చెల్లుతుంది. వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి గనుక కొత్త చెప్పులు వద్దు, అరిగిన మెత్తని బూట్లు వేసుకోండి. పెద్దవారికి రెండు రోజులు పట్టే చోటును ఒక్క రోజులో చూపించాలని పిల్లలు తొందరపెట్టకూడదు.

వెళ్ళలేని వారికి ఒక మాట. మన ఊరి మందిరము ఉన్న స్థలము మునుపు ఎవరిదో మీ పిల్లలకు తెలుసునా? ఏ తాతగారు తన అయిదు సెంట్లలో రెండు సెంట్లు వదులుకున్నారో, ఏ అవ్వ తన కళ్ళము ఇచ్చిందో సంఘములోని పెద్దవారిని అడిగి, వారు ఉండగానే ఒక పుస్తకములో వ్రాసిపెట్టండి. ప్రాగ్‌లో ఆ వర్తకుని పేరు ఆరు వందల సంవత్సరాలు దాటినా నిలిచి ఉన్నదంటే, ఎవరో ఒకరు వ్రాసి ఉంచినందుననే.